తిరగేసిన బైనాక్యులర్

కొల్లేట్లో ఓ పక్షి వీక్షకుల క్లబ్బుంది. దానికి రిజిస్ట్రేషన్ లేదు. చందా లేదు. రసీదు పుస్తకం అసలే లేదు. ఆఫీసులు మాత్రం బోలెడు. అమరావతిలో ఒకటి, ఏలూరు కలెక్టరేట్‌లో ఒకటి, ఢిల్లీలో ఇంకొకటి. అధ్యక్షుడు ఐదేళ్లకోసారి మారొచ్చు. కార్యదర్శులు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద పోతారు. కార్యవర్గంలో అన్ని పార్టీలూ ఉన్నాయి. ప్రతిపక్షం లేని సంఘం ఈ రాష్ట్రంలో ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

ఆశయం ఏమిటంటారా? చూడటం. రాత్రికి రాత్రి చేపల చెరువు గట్టు లేస్తుంటే చూడటం. తెల్లారి ఆ గట్టు మీద బొలెరో పోతుంటే చూడటం. మధ్యాహ్నం ఆ చెరువు ఎవరిదో తెలియనట్టు చూడటం. సాయంత్రం ఆటపాకలో బోటెక్కి గూడబాతుల్ని చూడటం. చూడటానికి మించి ఏ పనీ పెట్టుకోకూడదన్నది నియమావళిలో మొదటి క్లాజు. దాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

వెటకారం ఎక్కువైందంటారా? గోదారి జిల్లాలు కదండీ, ఆయ్, ఆ మాత్రం లేకపోతే అన్నం సహించదు. కానీ అంకెలకు వెటకారం తెలీదు. అవి చూడండి.

2002 ఆగస్టులో మన దేశం ప్రపంచానికి ఒక మాట ఇచ్చింది. కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల, విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, రామ్‌సార్ జాబితాలో రాసుకోండి అని. వాళ్లు రాసుకున్నారు. అంతకు మూడేళ్ల ముందే, 1999లో, జీవో 120 పేరుతో ఇంట్లో ఇంకో మాట చెప్పుకున్నాం. అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు, సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన కాంటూరు దాకా. మరి ఎన్నికలప్పుడు? కొల్లేటి ఊళ్లలో మైకు పట్టుకోగానే మూడో మాట వస్తుంది. ఐదో కాంటూరును మూడుకు దించేస్తాం! మూడుకు దించితే సుమారు 135 చదరపు కిలోమీటర్లు మిగులుతుంది.

పరాయివాళ్లకు 901. కోర్టుకు 308. ఓటరుకు 135. ఒకే సరస్సు, ఒకే సర్కారు, మూడు సైజులు.

బైనాక్యులర్‌ను తిరగేసి పట్టుకుంటే ఎదురుగా ఉన్నది కూడా చిన్నదై, ఎక్కడో దూరాన కనిపిస్తుంది. మన పాలకులు పాతికేళ్లుగా అలాగే పట్టుకున్నారు. పార్టీ మారినా పట్టు మారలేదు.

ఏ సంఘానికైనా వార్షిక కార్యక్రమాలుండాలి కదా. ఈ క్లబ్బుకూ ఉన్నాయి. కొల్లేటి చాంతాడంత ఉన్నాయి.

జనవరిలో పిట్టల లెక్క. 1987 నుంచి ఆసియా అంతటా జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెడుతున్నారు. ఇది మంచి పని. చేసేవాళ్లు మంచివాళ్లు. తెల్లారకముందే లేచి, మంచులో గట్ల మీద నిలబడి, గుంపులో పదింటిని ఎంచుకుని, అలాంటి పదులు ఎన్నున్నాయో అంచనా కట్టి, పరజలెన్ని, ఎర్రకాళ్ల కొంగలెన్ని, నత్తగుల్ల కొంగలెన్ని అని కాగితం మీద పెడతారు. వాళ్లకు జీతం రాదు. చాలాసార్లు టీ కూడా రాదు. ఈ కాగితం ఆఫీసు మెట్లెక్కాక చూడాలి అసలు తమాషా. అంకె పెరిగిందనుకోండి, 'కొల్లేరు కళకళ' అని పత్రికా ప్రకటన. తగ్గిందనుకోండి, 'వాతావరణ మార్పు'. పెరిగితే మా ఘనత, తగ్గితే సైబీరియా తప్పు. పిట్టల్ని లెక్కపెట్టిన ఊరిలోనే, అదే రోజున, కొత్తగా లేచిన గట్లను ఎవరైనా లెక్కపెట్టారా? ఆ ఫారంలో ఆ గడి లేదండి.

అన్నట్టు, అమెరికాలో క్రిస్మస్ నాడు తుపాకులు పట్టుకుని ఎవరు ఎక్కువ పిట్టల్ని కొడతారా అని పందేలు వేసుకునేవారు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన, కొట్టడం ఆపండి, లెక్కపెట్టండి అన్నాడు. అక్కడ లెక్క మొదలైతే వేట తగ్గింది. ఇక్కడ లెక్క ఓ పక్క, వల ఓ పక్క. పొద్దున రిజిస్టరులోకి ఎక్కిన పరజ సాయంత్రానికి సంచిలోకి ఎక్కుతుంది. ఎవరికి కూర? ఆ ప్రశ్న అడిగితే ఊళ్లో అందరూ అవతలి గట్టు వైపు చూస్తారు. కొన్ని ఇళ్ల భోజనాల బల్లలకు అభయారణ్యం చట్టం వర్తించదు కాబోలు.

ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినం. 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్ ఊళ్లో ఒప్పందం కుదిరిన రోజు. ఆ రోజు మనవాళ్లు చేసేదేమిటి? బ్యానరు. షామియానా. చిన్నపిల్లలకు డ్రాయింగు పోటీ. ఒకటో తరగతి పాప నీలం రంగుతో పెద్ద చెరువు వేస్తుంది. దాన్లో ఒక కొంగ, నాలుగు చేపలు. పాపకు మొదటి బహుమతి. బహుమతి ఇచ్చే పెద్దమనిషి కొంగను మెచ్చుకుంటాడు. ఆయన దృష్టి మాత్రం చేపల మీదే ఉంటుంది. కిలో ఎంతకు పోతుందో అక్కడ కూర్చున్న వాళ్లలో అందరికన్నా బాగా ఆయనకే తెలుసు.

మార్చి, ఏప్రిల్. నీరు తగ్గుతుంది. క్లబ్బులో అసలు హుషారు ఇప్పుడే. పొక్లెయిన్లు దిగుతాయి. అవి పగలు నిద్రపోతాయి, రాత్రి మేల్కొంటాయి. రాత్రిపూట తిరిగే పక్షుల మీద పరిశోధన చేయాలనుకునేవాళ్లు ముందు ఈ పచ్చరంగు, పసుపురంగు జాతుల గురించి రాయాలి. పొడుగాటి మెడ, ఇనుప ముక్కు, మట్టి మేత. అభయారణ్యంలో గూడు కట్టడానికి వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫిర్యాదు చేస్తే సిబ్బంది వస్తారు. వాళ్లొచ్చేసరికి పక్షి ఎగిరిపోయి ఉంటుంది, గూడు మాత్రం నిలబడి ఉంటుంది. పంచనామా రాస్తారు. 'గుర్తు తెలియని వ్యక్తులు.' ఎకరాలకు ఎకరాలు తవ్వినవాడు గుర్తు తెలియని వ్యక్తి! లీజు కట్టించుకునేవాడు గుర్తు తెలియని వ్యక్తి! వందల ఎకరాల గట్టుకు కరెంటు లైను లాగించుకున్నవాడు కూడా గుర్తు తెలియని వ్యక్తే! ఆకాశంలో రెండు వందల గజాల ఎత్తున ఎగిరే డేగను రెక్క కొసను చూసి ఆడో మగో చెప్పే నిపుణులున్న జిల్లాలో గట్టు మీద నిలబడ్డ మనిషిని పోల్చుకునే కళ్లు లేవా?

వానాకాలం రాగానే క్లబ్బు స్వరం మారుతుంది. ఇప్పుడు కొల్లేరు 'వరద ముప్పు'. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా డెల్టాలోని డ్రెయిన్లు అన్నీ తమ నీళ్లు తెచ్చి ఇక్కడే పోస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ప్రకృతి పెట్టిన బేసిన్ ఇది. నీరు ఇక్కడ కాసేపు ఆగి, నింపాదిగా ఉప్పుటేరు దారిన సుమారు అరవై కిలోమీటర్లు పోయి సముద్రంలో కలవాలి. ఆ ఆగే చోటంతా గట్లు కట్టి, ఆ పోయే దారంతా ఇరుకు చేసి, నీరు వెనక్కి తన్నితే 'ప్రకృతి వైపరీత్యం' అంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ ఇళ్లలోకి వచ్చింది. మేడ మీద నుంచి జనం బిస్కట్ ప్యాకెట్ల కోసం చేతులు చాచారు. ఆ నీరు తర్వాత ఎక్కడికి వచ్చింది? కొల్లేటికి. లంక గ్రామాలకు. అక్కడ ఎన్ని కెమెరాలున్నాయి? డ్రెయిన్ల సంగతి చూడమని 1960ల్లోనే మిత్రా కమిటీ వేశారు. ఆ నివేదిక వయసు ఇప్పుడు సుమారు అరవై. ఉద్యోగి అయితే పింఛను తీసుకుంటూ ఉండేది.

అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. మళ్లీ బ్యానరు. అదే షామియానా. అదే ఒకటో తరగతి పాప, ఇప్పుడు రెండో తరగతి. మళ్లీ కొంగ. 2018లో రాష్ట్ర పక్షిని కూడా మార్చుకున్నాం గుర్తుందా? పాలపిట్ట తెలంగాణకు ఉండిపోయింది, మనకు రామచిలుక వచ్చింది. ఎంపిక చేసినవాళ్లకు దండం పెట్టాలి. నేర్పిందే పలుకుతుంది, పంజరంలో ఉన్నా ఫిర్యాదు చేయదు, పక్కవాడి చేతిలో చీటీ తీసి భవిష్యత్తు చెబుతుంది. కొల్లేటి మీద ఇప్పటిదాకా జరిగిన ప్రణాళికా రచనంతా ఈ పద్ధతిలోనే సాగింది.

నవంబరు వచ్చిందంటే వలస పక్షులు దిగుతాయి. వెనకే వలస సభ్యులు కూడా. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, రాజమండ్రి నుంచి కార్లు. మోచేయంత లెన్సులు. వీళ్లను తిట్టాలని లేదు, కానీ ఒక మాట అనకుండా ఉండలేను. పొద్దున గూడబాతు ఫొటో. 'స్వర్గం' అని క్యాప్షన్. మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో చేపల వేపుడు. ఆ చేప ఏ చెరువుది నాయనా? ఆ చెరువు ఎన్నో కాంటూరులో ఉంది? దానికి మేతగా రాత్రి లారీలో వచ్చిన కోడి వ్యర్థాలు ఎక్కడివి? అడగరు. అడిగితే వేపుడు చల్లారిపోతుంది. పక్షిని అంత సూక్ష్మంగా చూసే కన్ను ప్లేటులోకి దిగేసరికి మసకబారిపోతుందెందుకు?

సరే, కార్యక్రమాలయ్యాయి. ఇక పరిపాలన.

నిజమైన పక్షి క్లబ్బులు ఎలా నడుస్తాయో ఒక్కసారి చూడండి. హైదరాబాద్‌లో 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ఇప్పుడు దక్కన్ బర్డర్స్ అంటున్నారు. 'పిట్ట' అని ఓ చిన్న పత్రిక కూడా నడిపారు. అలాంటి సంఘాల్లో ఉండేదేమిటి? నెలకోసారి ఫీల్డు, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, కోశాధికారి చదివే జమాఖర్చు. చదివేటప్పుడు వెనక వరుసలోంచి ఒక ముసలాయన లేచి, 'పోయినేడు ఆ మూడు వందలు దేనికి ఖర్చయ్యాయి?' అని నిలదీస్తాడు. మూడు వందలకు! మరి మన పెద్ద క్లబ్బులో 308 చదరపు కిలోమీటర్లు ఏ ఖాతాలోకి పోతున్నాయో నిలదీసే ఆ ముసలాయన ఎక్కడ?

మన పెద్ద క్లబ్బులో సర్వసభ్య సమావేశం ఒకసారి భలే జరిగింది. 2008, శాసనసభ. ఐదో కాంటూరును మూడుకు దించాలని తీర్మానం. ఏకగ్రీవం! ప్రాజెక్టుల మీద, రాజధానుల మీద, రైతు మీద, బియ్యం మీద, ఆఖరికి స్పీకర్ కుర్చీ మీద కూడా ఏకం కాని సభ ఈ ఒక్క విషయంలో గువ్వల గుంపులా ఒకేసారి లేచింది. రెండేళ్ల ముందే, 2006 ఏప్రిల్ సుప్రీంకోర్టు ఆదేశాలతో, 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అదే ప్రభుత్వం గట్లు పగలగొట్టింది. పొక్లెయిన్లు, పేలుడు మందు, పోలీసులు, టీవీ కెమెరాలు. రెండేళ్లు తిరిగేసరికి అదే చేత్తో, హద్దే తగ్గించేద్దాం అని సంతకం. గట్టు పగలగొట్టింది మేమే, పగిలిన చోట మళ్లీ కట్టుకోవడానికి దారి చూపిందీ మేమే. దేశమంతా మెచ్చుకున్న ఆపరేషన్ అది. పేషెంటు బతికాడా అని మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అసలు కిటుకు వినండి. శాసనసభ తీర్మానం చేసినంత మాత్రాన అభయారణ్యం హద్దు మారదు. వన్యప్రాణి చట్టం 26ఎ సెక్షన్ ప్రకారం జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేకుండా ఏ రాష్ట్రమూ హద్దు మార్చడానికి వీల్లేదు. ఆపైన 2000 నవంబరులో సుప్రీంకోర్టు, మా అనుమతి లేకుండా అభయారణ్యాలను ముట్టుకోవద్దు అంది. ఇది కొల్లేటి ఓటరుకు తెలియకపోవచ్చు. మైకు పట్టుకున్న నాయకుడికి తెలీదా? ఆయన పక్కన కూర్చున్న ప్లీడరుకు తెలీదా? తెలుసు. బాగా తెలుసు. తన దగ్గర లేని అధికారాన్ని తన మేనిఫెస్టోలో పెట్టి అమ్ముతున్నాడు. పక్కవాడి పొలం చూపించి పెళ్లి సంబంధం కుదుర్చుకోవడం అన్నమాట. పెళ్లికొడుకు మారుతున్నాడు, పొలం మారడం లేదు. పిల్ల తరఫువాళ్లు ఇప్పటికి ఎన్ని ఎన్నికలు తాంబూలాలిచ్చారో!

కేంద్రం 2010లో అజీజ్ కమిటీ వేసింది. అజీజ్ పర్యావరణ శాస్త్రవేత్త. ఆయన వచ్చారు, తిరిగారు, విన్నారు, తగ్గించొద్దు అని రాశారు. అంతేకాదు, లోపల ఉన్న జిరాయితీ భూములకు పరిహారం ఇచ్చి తీసుకోండి అన్నారు. మొదటి వాక్యం చదివి నాయకులు అలిగారు. రెండో వాక్యం చదవనే లేదు. చదివితే డబ్బు తీయాలి కదా!

ఆ రెండో వాక్యంలోనే ఉంది కొల్లేటి కడుపుమంట అంతా. ఐదో కాంటూరు లోపల దాదాపు 15 వేల ఎకరాల జిరాయితీ ఉందని లెక్కలు. తాతలనాటి పట్టా భూమి. 1999లో ఒక కాగితంతో అది అభయారణ్యమైంది. సాగు చేయకు, చెరువు తవ్వకు, అమ్ముకోకు. మరి పరిహారం? చూస్తున్నాం అన్నారు. చూడటం వీళ్ల ఆశయం కదా, మాట తప్పలేదు. పాతికేళ్లుగా చూస్తూనే ఉన్నారు. పిల్ల పెళ్లికి అరెకరం అమ్ముకోలేని చిన్న రైతు కోపంతో మూడో కాంటూరు జెండా పట్టుకుంటే ఆయన్ని పర్యావరణ ద్రోహి అంటారా? ఆయన అరెకరం కోపం వెనక వందల ఎకరాల బినామీ గట్టు దాక్కుంటుంది. చిన్నవాడిని ముందు నిలబెట్టి ఊరేగింపు చేస్తారు. లాభం ఊరేగింపులో నడవదు, ఏసీ కారులో పోతుంది.

ఇక వడ్డి కులస్తులు. కొల్లేటి అసలు సభ్యులు వీళ్లే. తాటిదోనెల మీద తిరిగి, మావులు పెట్టి, కొరమేను, జెల్ల, ఇంగిలాయి పట్టుకుని బతికిన వాళ్లు. ఏ పిట్ట ఎప్పుడొస్తుందో, ఏ గాలికి ఏ చేప కదులుతుందో వీళ్లకు తెలిసినంత ఏ నిపుణుడికి తెలుసు? 1976 ప్రాంతంలో జలగం వెంగళరావు ప్రభుత్వం వీళ్ల పేరు మీదే సహకార సంఘాలు పెట్టి చెరువులిచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ తవ్వడానికి, పిల్లకు, మేతకు పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఉన్నవాడు వచ్చాడు. సంఘం పేరు మిగిలింది, చెరువు చెయ్యి మారింది. తన సరస్సులో తానే కూలి. శీలావతి, బొచ్చె, ఫంగస్ లారీలకెక్కి హౌరా దాకా పోతాయి. వాటిని ఐసులో సర్దే చెయ్యి ఇతనిది. లాభం ఎవరిదో మళ్లీ చెప్పాలా? 2006లో గట్లు పేల్చినప్పుడు ఇతని కూలి పోయింది. 'ప్రత్యామ్నాయ ఉపాధి' అన్నారు. ఎక్కడుందది? వలస వచ్చే పక్షులకు స్వాగత తోరణం కట్టిన ఊరు, వలస పోయే మనిషికి బస్సు చార్జీ కూడా ఇవ్వలేదు.

ఈ క్లబ్బు కార్యవర్గంలో వడ్డి మనిషి ఒకడు ఉంటే చూపించండి. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం రాష్ట్రానికో ప్రాధికార సంస్థ ఉండాలి. పర్యావరణ మంత్రి అధ్యక్షుడు. అధికారులు సభ్యులు. నిపుణులు కొందరు. తాటిదోనె తొక్కినవాడు అందులో నిపుణుడు కాదా?

గూడబాతుల దగ్గరికి వద్దాం. వాటి గురించి మాట్లాడకుండా పక్షి క్లబ్బు మీద రాస్తే బాగోదు.

1946. అభయారణ్యం లేదు. రామ్‌సార్ లేదు. జీవో 120 రాసినవాళ్లలో చాలామంది పుట్టి ఉండరు. కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ, తర్వాత ఇందుచూడన్ పేరుతో కేరళలో పిట్టల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాయన, పశ్చిమ గోదావరిలో కొల్లేటి దగ్గర గూడబాతుల కాలనీ చూశాడు. 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని మీద రాశాడు. పుస్తకాల్లోకి ఎక్కేంత పెద్ద కాలనీ. 1975 వచ్చేసరికి అది లేదు. పోవడానికి చేపల పెంపకం తీరే కారణం కావచ్చన్నారు పక్షి శాస్త్రజ్ఞులు. ఊరి చెట్ల మీద తమ ఇష్టంగా గూళ్లు కట్టుకున్న పక్షి, ఒక తరం తిరిగేసరికి ఆ చోటు వదిలేసి పోయింది.

ఇప్పుడు? ఆటపాకలో గూడబాతులున్నాయి. సంతోషం. ఎక్కడ గూడు కడుతున్నాయి? చాలావరకు ఇనుప స్టాండ్ల మీద. చెట్లు చాలవు కాబట్టి అటవీ శాఖ నీళ్లలో ఇనుము పాతింది. పాపం పక్షి సర్దుకుపోయింది. పక్షులు మనకన్నా మర్యాదస్తులు, ఇచ్చినదాంతో సర్దుకుంటాయి. అటవీ సిబ్బందిని తప్పు పట్టడం లేదు. చేతిలో ఉన్నదాంతో చేశారు. తప్పు పట్టేది ఆ ఇనుప కొమ్మ ముందు నిలబడి సెల్ఫీ దిగి, 'పక్షుల స్వర్గం' అని పోస్టు చేసిన పెద్దల్ని. స్వర్గంలో వెల్డింగు పని ఉంటుందా సార్? కల్పవృక్షానికి తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూస్తారా?

ఆటపాక ఒక చెరువు. కొల్లేరు ఒక సరస్సు. చెరువులో గూడబాతుల్ని చూపించి సరస్సు బాగుందంటున్నారు. ఆ పక్షి గట్టు దాటి ఆహారానికి పోతే పక్క చెరువుల మీద వలలు, టపాకాయలు. లోపల అతిథి, బయట దొంగ. టికెట్టు కొని చూసేటప్పుడు అందాల పక్షి, చేప నోట కరుచుకున్నప్పుడు చంపదగ్గ పక్షి. ఎన్నో కాంటూరు దగ్గర దాని ఆధార్ కార్డు చెల్లకుండా పోతుందో కాస్త చెప్పండి, నేర్చుకుంటుంది.

రామ్‌సార్ వాళ్ల దగ్గర ఇంకో జాబితా ఉంది. మాంట్రూ రికార్డు. జబ్బుపడ్డ చిత్తడి నేలల పేర్లు అందులో రాస్తారు. మన దేశం నుంచి కేవలాదేవ్ ఉంది, లోక్‌తక్ ఉంది. ఒడిశా చిలికా 1993లో ఆ జాబితాలోకి ఎక్కింది, జబ్బు ఒప్పుకుని, వైద్యం చేయించుకుని 2002లో బయటపడింది. అదే ఏడాది మన కొల్లేరు రామ్‌సార్‌లో చేరింది. జబ్బు జాబితాలో మాత్రం లేదు. అంటే ఆరోగ్యంగా ఉన్నట్టే కదా! ఏలూరు మురుగు తాగుతూ, చుట్టూ మిల్లుల నీళ్లు తాగుతూ, పొలాల మందులు తాగుతూ, చెరువుల మేత కుళ్లు తాగుతూ, గుర్రపు డెక్క కప్పుకుని నిక్షేపంగా ఉంది. పెద్దింట్లమ్మ తల్లి కొల్లేటికోటలో కూర్చుని అంతా చూస్తోంది. ఆవిడ కూడా క్లబ్బు సభ్యురాలేమో అని ఒక్కోసారి అనుమానం వస్తుంది.

2022లో జిల్లాలు విడగొట్టారు. అంతకుముందు కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య రెండు ముక్కలుగా ఉండేది. ఫైలు మచిలీపట్నం వెళ్తే ఏలూరు అడగండి అనేవారు, ఏలూరు వెళ్తే మచిలీపట్నం అడగండి అనేవారు. ఇప్పుడు కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చేసింది. కొల్లేరులో సింహభాగం ఒకే కలెక్టరు కిందికి వచ్చింది. చూపించడానికి పక్క జిల్లా దాదాపు లేకుండా పోయింది. పాపం, ఈ ఇబ్బంది ఎవరూ ముందు ఊహించలేదు. ఇప్పుడు రెవెన్యూ అటవీ శాఖను చూపిస్తోంది, అటవీ శాఖ మత్స్యశాఖను చూపిస్తోంది, మత్స్యశాఖ కోర్టును చూపిస్తోంది.

కోర్టు మాత్రం వీళ్లనే చూస్తోంది. 2025లో సుప్రీంకోర్టు కొల్లేటి హద్దుల సంగతి తేల్చమని మళ్లీ అడిగింది. కేంద్ర సాధికార కమిటీ మళ్లీ వచ్చింది. ఈ 'మళ్లీ' గురించి ఒక్క క్షణం ఆలోచించండి. 1999లో ప్రకటించిన అభయారణ్యానికి 2025లో హద్దు ఎక్కడని అడగాల్సి వచ్చింది. ఇల్లు కట్టి పాతికేళ్లయ్యాక గోడలెక్కడ అని మేస్త్రీని పిలిపించినట్టుంది. ఉపగ్రహం ఉంది, డ్రోనుంది, సర్వే శాఖ ఉంది, భూముల రీసర్వే పేరుతో ఊరూరా రాళ్లు పాతిన చరిత్ర ఉంది. కొల్లేట్లో మాత్రం రాయి నిలబడదట. బురదట! అదే బురదలో ఎకరాలకు ఎకరాల గట్లు మాత్రం ఎలా నిలబడ్డాయో?

వచ్చే జనవరిలో లెక్కకు మళ్లీ జనం వస్తారు. మంచులో నిలబడతారు. వాళ్లకు ఒక విన్నపం. మీ ఫారంలో పక్షి పేరు, సంఖ్య, సమయం, వాతావరణం అని గళ్లుంటాయి. చివర ఇంకో గడి గీయండి. నిలబడ్డ గట్టు ఎవరిది? కనుక్కుని రాయండి. పేరు రాయలేకపోతే కాంటూరు రాయండి, సర్వే నంబరు రాయండి, కరెంటు మీటరు నంబరు రాయండి. ఆ కాగితాన్ని ఏలూరు కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు అడగండి. క్లబ్బుకు రసీదు పుస్తకం లేదంటారు. కార్బన్ పేపరు పెట్టి మీరే ఒకటి తీసుకెళ్లండి.